మొదటి గ్లాసు టీ

తలుపు గడియ పెట్టావా అని అడిగితే మంచం మీదనుంచి కదలకుండానే "పెట్టాను" అన్నావు. నేను వెళ్ళి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. పైగా నవ్వుతున్నావు. దొంగలెవరూ రాలేదు కదా అంటున్నావు. ఆ నవ్వు ఆపి ఇలా వచ్చి కూర్చో. చూడకుండా చూశానని చెప్పడం చిన్న తప్పని నీకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. అది ఎంత తప్పో ఈ కథ విన్నాక నువ్వే చెప్పు.

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, నీలమొగ అనే ఊళ్ళో, చూడనిదాన్ని కూడా చూశానని చెప్పే అలవాటున్న కామేశం అనే పడవ ఇంజన్ల మెకానిక్కు ఉండేవాడు. పనిమంతుడు. దగ్గుతున్న ఇంజను చప్పుడు విని రోగం ఎక్కడుందో చెప్పేవాడు. "బోల్టులన్నీ బిగించావా కామేశం?" అని అడిగితే తల ఎత్తకుండా "చూశానండీ" అనేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు బోల్టులు బిగిసే ఉండేవి. అందుకని పదోసారి సంగతి ఎవరూ అడగలేదు.

ఆ ఊళ్ళోనే ముదునూరి విజయగోపాలరాజుగారు ఉండేవారు. ఆయన వాయుసేనలో ఇరవై ఆరేళ్ళు హెలికాప్టర్లు నడిపారు. మంచుకొండల మీదికి మందులు మోశారు. వరదల్లో మేడల మీద చిక్కుకున్నవాళ్ళని తాళ్ళతో పైకి లాగారు. ఉద్యోగం అయిపోయాక పట్నంలో ఉండిపోకుండా నీలమొగ వచ్చి పెంకుటిల్లు కట్టుకున్నారు. ఊరివాళ్ళు ఆయన్ని హెలికాప్టరు రాజుగారు అనేవారు. ఏ వీధిలో నడవలేని ముసలివాళ్ళున్నారో, ఏ ఇంట్లో గర్భిణి ఉందో ఆయన దగ్గర ఒక పుస్తకంలో రాసి ఉండేది. తుఫాను వస్తే ఎవరిని ముందు మొయ్యాలో ఆ పుస్తకం చెప్పేది. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి తుఫాను షెల్టరు దగ్గర కామేశంతో సహా ఇరవై మందిని పోగుచేసి, తుఫానులో మనుషుల్ని కాపాడే సాధన చేయించేవారు. జీతం లేదు, భత్యం లేదు. వర్షమైనా ఆయన ఆరింటికి అక్కడ ఉండేవారు.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ఏ బండైనా కదిలే ముందు దాని ప్రతి భాగాన్నీ చేత్తో తాకి చూసేవారు. కరివేపాకు కోసం బజారుకి వెళ్ళాలన్నా స్కూటరు చుట్టూ తిరిగి టైరు నొక్కి, బ్రేకు పట్టి, దీపం వెలిగించి చూసేవారు.

"కరివేపాకు కోసం ఇంత తనిఖీ ఏమిటండీ? పోపు మాడిపోతోంది" అని ఆయన భార్య సుభద్రమ్మగారు లోపలినుంచి కేకేసేది.

"కరివేపాకు తెచ్చేవాడు కూడా తిరిగి ఇంటికి రావాలి కదే" అనేవారు రాజుగారు.

షెల్టరుకి ఒక ఫైబరు పడవ ఉండేది. దాని కోసం ఆయన పద్నాలుగు సంగతులు ఒక అట్టమీద రాయించారు. ఒక్కో సంగతి పైకి చదవాలి, ఆ వస్తువుని వేలితో తాకాలి, అప్పుడే "చూశాను" అనాలి. తాకకుండా ఆ మాట అనకూడదు. అది మొదటి నియమం.

రెండో నియమం ఇంకా వింతైనది. పడవ కదిలే ముందు ఆయన మూడుసార్లు అడిగేవారు. "ఎవరికైనా అనుమానం ఉందా? ఎంత చిన్నదైనా చెప్పండి." ఎవరైనా తన పొరపాటు తానే బయటపెడితే ఆ మనిషిని ఎవరూ తిట్టకూడదు, ఎవరూ నవ్వకూడదు. సాధన అయ్యాక కాచే టీలో మొదటి గ్లాసు ఆ మనిషికి ఇవ్వాలి. రాజుగారే స్వయంగా అందించేవారు.

"తప్పు చేసినవాడికి సత్కారమేంటండీ?" అని ఒకసారి కామేశమే అడిగాడు.

రాజుగారు నవ్వలేదు. "నాకు ముప్పై ఏళ్ళప్పుడు ఒక కొండ మీద హెలికాప్టరు ఎక్కి కూర్చున్నాను. రెక్కలు తిరుగుతున్నాయి. వెనక ఆరుగురు జవాన్లు. అంతలో ఒక మెకానిక్కు చేతులు ఊపుతూ ఎదురుగా పరిగెత్తుకొచ్చాడు. స్పానరు లోపల మరిచిపోయానేమోనని అతనికి అనుమానం వచ్చింది. అనుమానమే, ఖాయం కాదు. విప్పి చూస్తే స్పానరు లోపలే ఉంది. ఆ రోజు అతను సిగ్గుపడి ఊరుకుని ఉంటే మేము ఏడుగురం లేము. మా పెద్ద ఆఫీసరు అతన్ని ఒక్క మాట అనలేదు. తన చేత్తో టీ ఇచ్చాడు" అన్నారు.

కామేశం తల ఊపాడు. తల ఊపడం తేలికే కదా. ఆ మాట అతని చెవిదాకా వెళ్ళింది, లోపలికి వెళ్ళలేదు.

ఒక ఆదివారం తాతారావు అనే ముసలి జాలరి లేచి, "రాజుగారండీ, మంచినీళ్ళ డ్రమ్ములు నింపేశానని చెప్పానండి. ఒకటి నింపలేదండి. మర్చిపోయానండి" అన్నాడు. ఆ రోజు మొదటి గ్లాసు తాతారావుకి వెళ్ళింది.

రాజుగారు అటు తిరగ్గానే కామేశం అతని పక్కకి చేరాడు. "ఏం బాబాయ్, టీ కోసం తప్పులు చేస్తున్నావా? వచ్చేవారం రెండు డ్రమ్ములు మర్చిపో, బిస్కెట్టు కూడా ఇస్తారు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. తాతారావు టీ ఊదుకుంటూ, "నాకు తప్పు చెప్పుకోవడం వచ్చురా. నీకింకా రాలేదు" అన్నాడు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఆ ఫైబరు పడవకి అడుగున, వెనకవైపు ఒక కన్నం ఉండేది. పడవ ఒడ్డున ఉన్నప్పుడు వాననీళ్ళు ఆ కన్నంలోంచి కారిపోవాలి. నీళ్ళలోకి దింపే ముందు దానికి బిరడా బిగించాలి. బిరడా తీసి ఉన్నప్పుడు దాన్ని ఎర్రగుడ్డతో ఇంజను పిడికి కట్టాలని రాజుగారు నేర్పారు. ఎర్రగుడ్డ కనిపిస్తే కన్నం తెరిచి ఉన్నట్టు. గుడ్డ లేకపోతే కన్నం మూసి ఉన్నట్టు. విమానాల దగ్గర కూడా ఇలాగే ఎర్రగుడ్డలు కడతారని ఆయన చెప్పేవారు.

కార్తికమాసంలో ఒకరోజు కామేశం ఆ బిరడా చూశాడు. దాని రబ్బరు అరిగిపోయింది. కొత్త రబ్బరు వేద్దామని బిరడాని తన కొట్టుకి తీసుకుపోయాడు. బిరడాకి కట్టి ఉన్న ఎర్రగుడ్డ కూడా దానితోపాటే పోయింది. గుడ్డ విప్పి పడవకే కట్టి వెళ్ళాల్సింది. "రేపు తెచ్చి పెట్టేస్తాను కదా" అనుకున్నాడు. మర్నాడు ఒక ఇంజను పని వచ్చింది. ఆ మర్నాడు ఇంకొకటి వచ్చింది. పది రోజులు గడిచాయి.

పదకొండో రోజున తుఫాను వచ్చింది.

పొద్దున తొమ్మిదింటికి రాజుగారు అట్ట కామేశం చేతికిచ్చారు. "పడవ చూసిరా. పద్నాలుగూ తాకి చూడు" అన్నారు.

వాన ఈటెల్లా కొడుతోంది. పడవ ఒడ్డున టార్పాలిన్ కింద ఉంది. కామేశం ఐసు షెడ్డు చూరు కింద నిలబడి దూరంనుంచి పడవని చూశాడు. గాలికి టార్పాలిన్ అంచు లేస్తోంది. ఇంజను పిడి కనిపించింది. ఎర్రగుడ్డ లేదు. కొట్టులో ఉన్న బిరడా సంగతి అతనికి గుర్తే రాలేదు. "అంతా బాగానే ఉంది" అనుకున్నాడు. పెన్సిలు తీసి పద్నాలుగు గీతలూ ఒక్క ఊపులో గీశాడు. కింద సంతకం పెట్టాడు. చొక్కా కూడా పూర్తిగా తడవలేదు.

"చూశావా?" అని అడిగారు రాజుగారు.

"చూశానండీ" అన్నాడు కామేశం.

మధ్యాహ్నానికి షెల్టరులో రెండు వందల మంది చేరారు. ఒంటిగంటన్నరకి ఫోను వచ్చింది. పాయ అవతల లంకలో రొయ్యల చెరువుల కాపలా మనుషులు ఏడుగురు ఉండిపోయారు. పొద్దున రమ్మంటే చెరువులు వదిలి రామన్నారు. ఇప్పుడు నీళ్ళు గుడిసెల్లోకి వచ్చాయి. వాళ్ళలో ఒక ముసలామె ఉంది, రెండేళ్ళ పాప ఉంది.

పడవ నడపడానికి గంగులు అనే జాలరి సిద్ధమయ్యాడు. రాజుగారు కూడా రెయిన్‌కోటు తొడిగారు.

"మీరెందుకండీ? డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి" అంది సుభద్రమ్మగారు.

"పొద్దున గంగులు పిలిస్తే వాళ్ళు రాలేదు. నేను వెళితే పడవ ఎక్కుతారు. కూర్చోబెట్టి తెచ్చేస్తాను" అన్నారు ఆయన.

షెల్టరులో ఉండే వాకీటాకీ సెట్టు కామేశం చేతికిచ్చారు. రెండోది తన భుజానికి తగిలించుకున్నారు. గుమ్మంలో నిలబడి, గాలి హోరులో గొంతు పెంచి, మూడుసార్లు అడిగారు.

"ఎవరికైనా అనుమానం ఉందా?"

జనం తలలు అడ్డంగా ఊపారు.

"ఎంత చిన్నదైనా సరే. ఎవరికైనా ఉందా?"

"లేదండీ" అన్నాడు కామేశం.

"చివరిసారి అడుగుతున్నాను."

"లేదండీ రాజుగారూ. నేను చూశాను కదండీ."

రెండింటికి ఐదు నిమిషాలుండగా పడవ నీళ్ళలోకి దిగింది. గంగులు ఇంజను పిడి చూశాడు. ఎర్రగుడ్డ లేదు. అట్ట మీద పద్నాలుగు గీతలున్నాయి. అతను ఇంక అడుగున తడిమి చూడలేదు.

షెల్టరు హాలులో కామేశం గోడ గడియారం కింద కూర్చున్నాడు. అతనికి ఎదురుగా ఒకామె తన కూతురికి జడ వేస్తోంది. జడ చివర రిబ్బను ముడి వేసి గట్టిగా లాగింది. ఎర్ర రిబ్బను.

కామేశం ఆ రిబ్బను వంక చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. తన కొట్టులో బల్ల, బల్ల మీద గ్రీజు డబ్బా, డబ్బా పక్కన బిరడా, దానికి వేలాడుతున్న ఎర్రగుడ్డ, అన్నీ కళ్ళకి కట్టాయి. గడియారం చూశాడు. రెండూ ఐదు.

"తిరిగి పెట్టేశానేమో" అనుకున్నాడు. ఎప్పుడు పెట్టాడు? గుర్తు లేదు. "గంగులు చూసుకుని ఉంటాడు." గంగులు ఎందుకు చూస్తాడు, అట్ట మీద సంతకం ఉండగా? "కన్నం తెరిచి ఉంటే ఈపాటికి వాళ్ళకి తెలియదా?" తెలియదు. ఆ సంగతి మెకానిక్కుగా అతనికే బాగా తెలుసు. ఇంజను జోరుగా నడుస్తున్నంతసేపు ఆ కన్నంలోంచి నీళ్ళు పెద్దగా లోపలికి రావు. పడవ ఆగినప్పుడు వస్తాయి. బరువెక్కినప్పుడు ఇంకా వస్తాయి. పైన చెక్కలు పరిచి ఉంటాయి కాబట్టి కాళ్ళకి తగిలేదాకా ఎవరికీ కనిపించవు.

సెట్టు చేతిలోనే ఉంది. మీట నొక్కి నాలుగు మాటలు చెబితే చాలు. కానీ హాలు నిండా మనుషులున్నారు. సెట్టులో మాట్లాడితే అందరికీ వినపడుతుంది. పక్కనే తాతారావు ఉన్నాడు. బిస్కెట్టు కూడా ఇస్తారని అతన్ని ఎగతాళి చేసిన నోటితోనే ఇప్పుడు తన తప్పు చెప్పాలి. చూడకుండానే సంతకం పెట్టానని చెప్పాలి. ఆ ఊళ్ళో కామేశం అంటే రాజుగారి కుడిచెయ్యి అని పేరు.

రెండూ పదికి సెట్టు గరగరమంది. "షెల్టరు, సగం దాటాం. గాలి గట్టిగా ఉంది. మీ దగ్గర అంతా బాగుందా?"

కామేశం మీట నొక్కాడు. "బాగుందండీ" అన్నాడు.

"ఏరా, మొహం అలా పాలిపోయిందేటి?" అన్నాడు తాతారావు.

"ఏం లేదు బాబాయ్. ఆకలేస్తోంది."

"చెమటలు పడుతున్నాయిరా. ఆకలికి చెమట పట్టడం నేనెక్కడా చూళ్ళేదు."

కామేశం లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వానలో ఏమీ కనిపించలేదు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. రెండూ పద్దెనిమిదికి సెట్టు పలికింది. "లంక చేరాం. ఎక్కిస్తున్నాం." వెనక పాప ఏడుపు వినపడింది. పడవ ఆగింది. కన్నంలోంచి నీళ్ళు ఇప్పుడు వస్తుంటాయి. ఎన్ని బకెట్లో కామేశం తనకి తెలియకుండానే లెక్కపెడుతున్నాడు.

రెండూ పాతిక అయింది. రాజుగారి గొంతు మళ్ళీ వచ్చింది. ఆయన ఎక్కడ ఉన్నా పద్ధతి వదలరు. "బయలుదేరుతున్నాం. షెల్టరులో ఎవరికైనా అనుమానం ఉందా?"

అందరూ కామేశం చేతిలోని సెట్టు వంక చూస్తున్నారు.

నువ్వే చెప్పు. ఆ ఏడుగురిలో తన కూతురు ఉంటే కామేశం నోరు విప్పకుండా ఉండేవాడా? ఉన్నది పరాయివాళ్ళ పాప కాబట్టి అతనికి తన పరువే పెద్దదిగా కనిపించింది.

"లేదండీ" అన్నాడు.

మూడు నిమిషాల తర్వాత సెట్టు మళ్ళీ గరగరమంది. ఈసారి వెనకనుంచి గంగులు అరుపు వినపడింది. "బరువెక్కిపోతోందండీ! ముక్కు పైకి లేచిపోతోందండీ!"

అప్పుడు కామేశం మీట నొక్కాడు. "రాజుగారూ, బిరడా లేదండీ! కన్నం తెరిచి ఉందండీ! బిరడా నా కొట్టులో ఉండిపోయింది. పొద్దున నేను తాకి చూడలేదండీ. చూడకుండానే సంతకం పెట్టానండీ!"

హాలులో ఎవరో "అమ్మో" అన్నారు. తర్వాత రాజుగారి గొంతు ప్రశాంతంగా వచ్చింది.

"ఎప్పుడు గుర్తొచ్చింది కామేశం?"

గడియారం రెండూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. గుర్తొచ్చి ఇరవై మూడు నిమిషాలు అయింది.

"ఇప్పుడేనండీ" అన్నాడు కామేశం. "ఇప్పుడే గుర్తొచ్చిందండీ."

"మంచిది. చెప్పావు. అది చాలు."

ఆ తర్వాత పడవలో జరిగింది గంగులు చెబితే ఊరికి తెలిసింది. రాజుగారు వెనకవైపు చెక్క ఒకటి పీకారు. అడుగున మోకాలి లోతు నీళ్ళున్నాయి. ఆయన ఆ నీళ్ళలో బోర్లా పడుకుని, తువ్వాలు చుట్టి కన్నంలో కుక్కారు. కెరటం వచ్చినప్పుడల్లా తువ్వాలు ఊడి వచ్చేసేది. చివరికి తన అరచెయ్యి దానిమీద అదిమిపెట్టి అలాగే ఉండిపోయారు. కాపలా మనుషులు బకెట్లతో, పళ్ళేలతో నీళ్ళు తోడారు. ముఖం మీదికి నీళ్ళు వచ్చినప్పుడల్లా ఆయన తల పైకెత్తి ఊపిరి పీల్చుకునేవారు. "గంగులూ, తొందరపడకు. అల మీదికి అడ్డంగా తిప్పకు" అని మాత్రం అంటుండేవారు. అలా అరగంటసేపు ఉన్నారు.

ఏడుగురూ క్షేమంగా చేరారు. పాప తడిసిన కోడిపిల్లలా వణుకుతూ సుభద్రమ్మగారి ఒళ్ళో కూర్చుంది. రాజుగారి అరచెయ్యి ఫైబరు అంచుకి కోసుకుపోయి తెల్లగా పాలిపోయి ఉంది. ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎవరో దుప్పటి కప్పారు, ఎవరో టీ తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టారు. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇవాళ మొదటి గ్లాసు నాది కాదు. గుర్తు రాగానే రెండు వందల మంది ముందు తన తప్పు చెప్పాడు. కామేశానిది" అన్నారు.

ఆ గ్లాసు ఆయనే, కోసుకుపోయిన చేత్తోనే, కామేశానికి అందించారు. నిజం చెప్పడానికి కామేశానికి అది ఇంకో అవకాశం. రాజుగారి కళ్ళు ఎదురుగా ఉన్నాయి. "ఇప్పుడు కాదండీ, ఇరవై మూడు నిమిషాల కిందటే గుర్తొచ్చింది" అంటే సరిపోయేది. కామేశం తల వంచుకుని టీ తాగాడు.

పక్కన కూర్చున్న గంగులు జుట్టు పిండుకుంటూ, ఏ కల్మషమూ లేకుండా అన్నాడు. "లంకలో ఉండగా గుర్తొచ్చుంటే కొబ్బరిమట్ట బిరడాలా చెక్కి ఐదు నిమిషాల్లో బిగించేసేవాళ్ళం. ఏం చేస్తాం, గుర్తు రావాలి కదా."

కామేశానికి పొలమారింది.

నాలుగో రోజుకి రాజుగారికి జ్వరం తగిలింది. మురికినీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయాయని డాక్టర్లు అన్నారు. కామేశం రోజూ ఆసుపత్రికి వెళ్ళేవాడు. మంచం పక్కన నిలబడేవాడు. "రాజుగారూ, ఒక మాట..." అని మొదలుపెట్టేవాడు. నర్సు వచ్చేది, లేకపోతే ఆయనకి దగ్గు వచ్చేది, లేకపోతే ధైర్యం పోయేది. "రేపు చెబుతాను" అనుకునేవాడు. బిరడా విషయంలో కూడా రేపు అనే అనుకున్నాడని నీకు గుర్తుందా?

పదహారో రోజున రాజుగారు పోయారు. పోయే ముందు భార్యతో, "కామేశాన్ని ఎవరినీ ఒక్క మాట అననివ్వకు. అనుమానం రాగానే చెప్పినవాడిని కొడితే రేపు ఇంకెవరూ చెప్పరు" అన్నారు.

ఊరు ఆ మాట నిలబెట్టింది. కామేశాన్ని ఎవరూ ఏమీ అనలేదు. అనకపోగా గౌరవించారు. ఏటా రాజుగారి వర్ధంతి రోజున ఊరంతా షెల్టరు దగ్గర చేరేది. పడవని తాకి చూసి, ఆయన సేవలు తలుచుకుని, టీ కాచేవారు. ఆయన ఆఖరిసారి ఎవరికిచ్చారో వాళ్ళకే అని మొదటి గ్లాసు కామేశానికి ఇచ్చేవారు. బడిపిల్లలకి అతన్ని చూపించి, "తప్పు గుర్తు రాగానే చెప్పిన మనిషి" అనేవారు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. కామేశం ఆ టీ తాగేవాడు. ఇంటికెళ్ళి వాంతి చేసుకునేవాడు.

అతని చెయ్యి కూడా చెడింది. బోల్టు బిగించాక బిగించానో లేదో అని మళ్ళీ విప్పేవాడు. పడవలు వేటకి బయలుదేరాక ఒడ్డు వెంట పరిగెత్తి, "ఆగండ్రా, ప్లగ్గు చూశానో లేదో" అని అరిచేవాడు. మొదట్లో నవ్వి ఆగేవారు. తర్వాత విసుక్కునేవారు. ఆ తర్వాత ఇంజన్లు పక్క ఊరికి తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఇంటి గడియ పెట్టి పది అడుగులు వేసి వెనక్కి వచ్చేవాడు. ఇంకో పది అడుగులు వేసి మళ్ళీ వచ్చేవాడు. "చూశాను" అని తనకి తాను చెప్పుకునేవాడు. ఆ మాట మీద తనకే నమ్మకం లేదు.

మూడో వర్ధంతి రోజున సుభద్రమ్మగారు గ్లాసు అందిస్తుంటే కామేశం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. జేబులోంచి బిరడా తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్రగుడ్డ ఇంకా దానికి కట్టే ఉంది.

"ఈ టీ నాది కాదండీ అమ్మగారూ. ఆ రోజు నాకు అప్పుడే గుర్తు రాలేదు. రెండూ ఐదుకే గుర్తొచ్చింది. ఇరవై మూడు నిమిషాలు సెట్టు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. రాజుగారు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అబద్ధం చెప్పాను. వాళ్ళు లంకలో ఉండగా చెప్పి ఉంటే ఆయన ఆ నీళ్ళలో పడుకునేవారు కాదు" అన్నాడు.

గంగులు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. తాతారావు కండువాతో ముఖం కప్పుకున్నాడు.

సుభద్రమ్మగారు ఆ ఎర్రగుడ్డని వేలితో తాకింది. "తప్పు చెప్పినవాణ్ణి తిట్టకూడదని ఆయన నియమం. నేను తిట్టను, ఊరు కూడా తిట్టదు. కానీ ఆయన నిన్ను నమ్మి పోయారు కామేశం. ఈ మాట ఆయనకి చెప్పాల్సింది. ఆయన మంచం మీద పన్నెండు రోజులున్నారు. ఇప్పుడు వినడానికి లేరు. ఆ గ్లాసు ఇవ్వాల్సిన చెయ్యీ లేదు" అంది.

ఆమె ఆ టీని ఎవరికీ ఇవ్వలేదు. గ్లాసు బల్ల మీదే ఉంచింది. దానిమీద మీగడ కట్టింది.

ఆ రోజునుంచి నీలమొగలో అట్టగానీ సెట్టుగానీ కామేశం చేతికి ఎవరూ ఇవ్వలేదు. అతనూ అడగలేదు. పని మానేసి కొట్టు మూసుకున్నాడు. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆరింటికి వస్తాడు. అందరికంటే వెనక నిలబడతాడు. "ఎవరికైనా అనుమానం ఉందా?" అని మూడుసార్లు అడుగుతారు. అతను మూడుసార్లూ చెయ్యి ఎత్తి, "నాకు ఉందండీ" అంటాడు. అందరూ ఆగి మళ్ళీ తాకి చూస్తారు. ఏ లోపమూ ఉండదు. టీ అతనిదాకా రాకముందే అతను ఇంటికి వెళ్ళిపోతాడు. గడియ పెట్టానో లేదో చూసుకోవడానికి.

ఇప్పుడు లేచి వెళ్ళి ఆ తలుపు గడియ నీ చేత్తో తాకి చూసిరా. చూడనిదాన్ని చూశానని చెప్పకు. పొరపాటు తెలిసిన క్షణమే బయటపెట్టు, ఎందుకంటే ఆలస్యంగా చెప్పిన నిజం నీ బరువు దించనూ దించదు, పోయినవాళ్ళని తిరిగి తేనూ తేదు.